ఏడో గడికీ ఎనిమిదో గడికీ మధ్య

మాస్టరు పోయారన్న కబురు నాకు పొద్దున తొమ్మిదిన్నరకు తెలిసింది. షాపు తెరిచి, ఒక ఆంప్లిఫయరు మూత విప్పి కూర్చున్నాను. దుమ్ముగూడెం నుంచి ఫోన్ చేసింది అక్క. అక్క అంటే మాస్టరు భార్య.

"తమ్మీ, సారు పోయిండు" అంది. ఏడవలేదు. "చాయ పెట్టి లేపబోయిన. లేవలే."

అక్కే మళ్ళీ, "వస్తవా?" అని అడిగింది.

మనిషి పోయిన ఇంటికి వస్తావా అని ఎవరూ అడగరు. అందరూ వస్తారనే అనుకుంటారు. అక్క నన్ను అడిగింది. అలా అడగడానికి ఆమెకు ముప్పై ఏళ్ల కారణం ఉంది.

విప్పిన ఆంప్లిఫయరుకు మూత పెట్టి, నాలుగు మరలూ బిగించాను. నాకు రోజూ జరిగింది పుస్తకంలో రాసుకునే అలవాటు ఉంది. ఆ రోజు కింద "మాస్టరు పోయారు" అని రెండు ముక్కలు రాసి, భద్రాచలం బస్టాండుకు నడిచాను. మూడో ముక్క రాద్దామంటే ఏమీ తోచలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన గురించి రాయమని అక్కే అడిగింది. "మంచిగ రాయమంటలేను. ఉన్నది రాయి" అంది. అందుకని ఉన్నదే రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఇందులో కొంత చేదుగా ఉంటే, ఆయన బతికున్నప్పుడు కూడా అంతే ఉండేదని అనుకోండి.

మాస్టరుకు ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పర్ణశాల నుంచి దమ్మపేట దాకా పెళ్ళి అయినా, ఉత్సవం అయినా ఆయన వ్యాన్ వచ్చేది. ఆయన హార్మోనియం, కీబోర్డు వాయించేవారు. తొమ్మిదేళ్ళు నేను ఆయన దగ్గర డోలక్ వాయించాను. నాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు మా ఊరి పండగల్లో కోయ పెద్దలు పెద్ద డోలు కొడుతుంటే దూరంగా కూర్చుని చూసేవాణ్ణి. ఇంటికొచ్చి నూనె డబ్బా మీద అదే కొట్టేవాణ్ణి. చేతులు వాటంతటవే నేర్చుకున్నాయి. మాస్టరు నన్ను మొదటిసారి విన్న రోజు నిలబడి, కళ్ళు మూసుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నారు. ఆయన ఎప్పుడూ కూర్చుని వినేవారు కాదు. "తాళం నిలబడి వినాలెరా. కూసుంటే కాళ్ళకు ఎక్కదు" అనేవారు. విన్నాక పొగడలేదు. "రేపు పొద్దుగాల్నే రా" అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నదంతా అదే.

మద్రాసులో ఒక రికార్డింగు స్టూడియో మూతపడితే, అక్కడి సామాను అమ్ముతున్నారని తెలిసి మాస్టరు వెళ్ళి ఒక డబ్బా తెచ్చారు. జపాన్‌లో చేసింది. బడిలో హాజరు పట్టీ ఉంటుందే, దాదాపు అంత పొడుగు, నాలుగు వేళ్ళ మందం, బూడిద రంగు. కింద వరసగా పదహారు మీటలు. ఒక్కో మీట మీద ఆవగింజంత ఎర్ర లైటు. పైన గుండ్రంగా తిప్పే గుండీలు. దాన్ని డ్రమ్ మెషీన్ అంటారట. మేము డబ్బా అనే అన్నాం. మీటలు నొక్కి ఎక్కడ ఏ దెబ్బ పడాలో చెబితే గుర్తుపెట్టుకుంటుంది. ఆన్ చేస్తే ఎర్ర లైటు ఒకటో మీట నుంచి పదహారో మీట దాకా పరిగెత్తి మళ్ళీ మొదటికి వస్తుంది. దెబ్బ పెట్టిన చోట దెబ్బ, పెట్టని చోట ఖాళీ. అంతే.

అది తెచ్చిన వారమే మాస్టరు నన్ను ఇంటికి పిలిచారు.

"ఏందిరా లెక్కలోడా, పుస్తకం తెచ్చినవా?" అన్నారు. రోజువారీ లెక్కలు కూడా పుస్తకంలో రాసుకుంటానని నాకు ఆయన పెట్టిన పేరు అది.

"తెచ్చిన సారూ."

"నీ రాత మంచిగుంటది. అడ్డం పదహారు గడులు గీయి. ఒక్కో పాటకు నీ చెయ్యి ఏ గడిల పడ్తదో గా గడిల చుక్క పెట్టు. కుడిచేతికి ఒక వరస, ఎడమచేతికి ఒక వరస."

"ఎందుకు సారూ?"

"పిల్లలకు నేర్పుదామనిరా."

నమ్మాను. నా చేతి పని ఎవరికో పాఠం అవుతుందంటే కొంచెం గర్వం కూడా కలిగింది. వారం రోజులు మధ్యాహ్నాలు ఆయన ఇంటి వసారాలో కూర్చుని గీసిచ్చాను. డోలక్ మీద నెమ్మదిగా కొట్టుకుంటూ, ఒక్కో దెబ్బకూ ఆగి చుక్క పెట్టాను. పన్నెండు తాళాలు, పన్నెండు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. అక్క చాయ తెచ్చిచ్చి, "ముగ్గు తీర్గ ఉన్నది తమ్మీ" అని నవ్వింది.

ఆ పన్నెండింటిలో పెళ్ళి ఊరేగింపు తాళం ఒకటుంది. జనం నన్ను గుర్తుపెట్టుకున్నది దానితోనే. అందులో ఎడమచేత్తో ఒక దెబ్బ ఉంటుంది. అరచేయి మడమతో తోలును నొక్కి జార్చాలి. చప్పుడు మొదలై, ఒంగి, మరో చోటికి పోతుంది. నేను దాన్ని జారుదెబ్బ అనుకునేవాణ్ణి. గడుల్లో పెట్టబోతే అది ఏడో గడిలో పడలేదు, ఎనిమిదో గడిలోనూ పడలేదు. రెంటికీ మధ్య గీత మీద పడింది. నేను లెక్కల పుస్తకాలు రాసి రాసి ఉన్నవాణ్ణి. గీత మీద ఏదీ రాయకూడదు. గీత ఉన్నదే అటుదీ ఇటుదీ కలవకుండా ఉండటానికి. కాసేపు పెన్ను పట్టుకుని చూశాను. చివరికి ఆ దెబ్బ వదిలేశాను. పేజీ శుభ్రంగా ఉంది. పిల్లలకు ఈ మాత్రం చాలులే అనుకున్నాను.

ఆ తర్వాతి వారం పర్ణశాల దగ్గర పెళ్ళి ఉంది. డోలక్ సంచీ భుజాన వేసుకుని వ్యాన్ దగ్గరికి వెళ్ళాను. మాస్టరు ముందు సీట్లో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వు రావద్దులేరా ఇయ్యాల" అన్నారు.

"ఎందుకు సారూ? ఏం తప్పు చేసిన?"

"తప్పేంది? నువ్వు వస్తనే ఉన్నవ్ గద" అని డబ్బా మీద రెండుసార్లు తట్టారు.

వ్యాన్‌లో వాళ్ళు నవ్వారు. ఇంకో ముక్క కూడా అన్నారాయన. "మనిషన్నోడు అలుగుతడు, అలసిపోతడు, జ్వరమొచ్చిందంటడు. దీనికి గవేం లెవ్వు." వ్యాన్ కదిలింది. నేను సంచీతో అక్కడే నిలబడ్డాను. ఆ రోజు కింద నా పుస్తకంలో ఏమీ లేదు. తొమ్మిదేళ్ళలో ఖాళీగా వదిలిన పేజీ అదొక్కటే.

నా దెబ్బలే. నా చేత్తో గీసిచ్చిన గడులే. నన్ను ఇంటికి పంపే కాగితం నేనే, అంత అందంగా, కొట్టివేతలు లేకుండా రాసిచ్చాను. దీన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన చితి దగ్గర నిలబడి కూడా క్షమించలేదు. అక్కడ ఒకాయన, "సారు చేతిల తాళం ఉండె. గా ఊరేగింపు దరువు మళ్ళ ఎవలకొస్తది?" అంటుంటే నేను అవతలికి వెళ్ళి గోదావరి వైపు తిరిగి నిలబడ్డాను.

డోలక్‌ను గోడకు తగిలించాను. చేతులు ఊరికే ఉండలేక రేడియోలు విప్పడం మొదలుపెట్టాను. అది కూడా ఎవరూ నేర్పలేదు. పాడైన సెట్లు విప్పి, చూసి, మళ్ళీ పాడుచేసి, మళ్ళీ చూసి నేర్చుకున్నాను. భద్రాచలంలో ఒక చిన్న షాపు కిరాయికి తీసుకున్నాను. మూడో ఏడు వానాకాలంలో మాస్టరు ఆ షాపు మెట్లెక్కారు. చంకలో డబ్బా, దాని చుట్టూ పాత పంచె.

విప్పి చూస్తే ఒక మూల ప్లాస్టిక్ ఉబ్బింది. పెద్ద డోలు చప్పుడుకు ఉన్న గుండీ కరిగి, పక్కకు ఒరిగి, అట్లాగే బిగుసుకుపోయింది.

"ఏమైంది సారూ దీనికి?"

"కాపిన."

"ఏందీ?"

"దమ్మపేట పెళ్ళిల వాన పడ్డది. చప్పుడు మొద్దుబారింది. డప్పులోళ్ళు మంట పెట్టి డప్పులు కాపుకుంటున్నరు. నేను గూడ కాపిన."

"ఇది తోలు కాదు గద సారూ!"

"గది నాకు తెల్వదారా? కాపినంక మోగింది. నువ్వు నవ్వుతున్నవ్, గానీ మోగింది."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన ముందు నేను నవ్వడం అదే మొదలు. కానీ మూత విప్పి చూశాక నవ్వు తగ్గింది. మోగి ఉంటుంది. లోపలంతా చెమ్మ పట్టి ఉంది. ఈ డబ్బాలో ముందే పట్టిపెట్టిన డోలు శబ్దాలు ఏవీ లేవు. టేపు లేదు, క్యాసెట్ లేదు. మీట దగ్గరికి లైటు వచ్చినప్పుడల్లా కరెంటు చిన్న దారుల్లో పడి, కొట్టుకుని, అప్పటికప్పుడు చప్పుడై పుడుతుంది. అందుకే ఎండకు ఒక రకంగా, వానకు ఒక రకంగా మోగుతుంది. అనలాగ్ అంటారని తర్వాత ఒక పాత పుస్తకంలో చదివాను. ఆయన దాన్ని డప్పును చూసినట్టు చూడటంలో పూర్తి తెలివితక్కువతనం లేదు. ఈ మాట ఆయనతో చెప్పలేదు. "ఇంకోసారి కాపకండి" అని మాత్రం చెప్పాను.

అప్పటి నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవారు. రానురాను రిపేరు ఏమీ ఉండేది కాదు. డబ్బా బల్ల మీద పెట్టి, ఊరేగింపు తాళం ఆన్ చేసి, తను నిలబడి కళ్ళు మూసుకునేవారు.

"ఏదో తక్కువైతాందిరా ఇందుల."

"ఏం లేదు సారూ. మంచిగనే ఉంది."

"మంచిగుంటె నేనెందుకొస్త? జర చూడు."

నేను మూత విప్పేవాణ్ణి. చూసినట్టు చూసేవాణ్ణి. మళ్ళీ మూత పెట్టేవాణ్ణి. ఏం తక్కువైందో నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. డబ్బా లోపల ఒక చిన్న మర ఉంది. దాన్ని కాస్త తిప్పి, ఏడో గడిలో ఒక డోలు దెబ్బ పెట్టి, పక్కన ఒక తీగ అతికితే ఆ దెబ్బ కొంచెం ఆలస్యంగా లేచి జారుతుంది. నా చేయి కాదు గానీ, దాదాపు నా చేయి. పావుగంట పని. పక్కనే సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉండేది. ఎన్నిసార్లు వచ్చినా ఆ పావుగంట పని నేను చేయలేదు. అన్నీ పట్టుకుపోయావు, ఇదొక్కటి నా దగ్గర ఉండనీ అనుకున్నాను. ఆయన పంచెలో డబ్బాను చుట్టుకుని వెళ్ళిపోతుంటే నాకు లోపల తృప్తిగా ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఉన్నది రాయమంది కాబట్టి రాస్తున్నాను.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. వందల ఊరేగింపుల్లో జనం ఆ డబ్బాకు ఆడారు. ఒక్కరికీ ఏమీ తక్కువగా అనిపించలేదు. ఆ లోటు విన్న చెవి ఈ నేల మొత్తం మీద ఆయనదొక్కటే. నన్ను అంత వివరంగా విన్న మనిషి ఇంకొకరు లేరు.

ఆర్కెస్ట్రాలు పోయి డీజే పెట్టెలు వచ్చాయి. వ్యాన్ అమ్మేశారు. డబ్బా మాత్రం ఇంట్లో ఉండిపోయింది. లోపల బ్యాటరీలు అయిపోతే అందులో రాసిందంతా చెరిగిపోతుంది. మాస్టరు గడువు రాకముందే కొత్తవి తెచ్చి మార్చేవారు. "నా బీపీ గోలీలు మర్చిపోతడు గానీ, దాని బ్యాటరీలు మాత్రం మర్చిపోడు" అని అక్క తిట్టేది. నా పన్నెండు పేజీలు ఆయన అట్లా బతికించారు. ఎవరివో చెప్పకుండా బతికించారు.

మూడేళ్ళ కింద హైదరాబాద్ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటుంది. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తుందట. పాత డబ్బాల కోసం ఊళ్ళు తిరుగుతుంది. వైరింగు చూడమని మాస్టరు నన్ను కూడా పిలిపించారు. ఆమె డబ్బాను లాప్‌టాప్‌కు కలిపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు వింది.

"సార్, ఇట్లాంటివి ఇప్పుడు కంప్యూటర్‌లో ఎన్నైనా దొరుకుతాయి. కానీ అవన్నీ ఒకేలా మోగుతాయి. దీని పెద్ద డోలు వేరేలా ఉంది. ఈ గుండీ ఏమైంది?"

"కాపిన" అన్నారు మాస్టరు.

"అంటే?"

"నీకు తెల్వదులే. మార్చకు దాన్ని."

"అయ్యో, మార్చను సార్! అదే కావాలి నాకు."

రెండోసారి వచ్చినప్పుడు ఆమె తను చేసిన ముక్క వినిపించింది. మొదట ఏదో గాలి లాంటి చప్పుడు. తర్వాత కింద నుంచి, నేల అదిరేట్టు, నా ఊరేగింపు తాళం. నా కుడిచేయి. నా ఎడమచేయి. ఏదో నగరంలో, చీకటి హాలులో, నన్నెరగని వాళ్ళు దానికి ఊగారట. ఏడో గడి దాటాక ఖాళీ.

"ఇక్కడ చూడండి, ఇక్కడ చిన్న గ్యాప్ ఉంది" అంది ఆమె. "జనం కరెక్ట్‌గా అక్కడే ఊగుతున్నారు. ఎవరి బీట్ ఇది అని అడుగుతున్నారు సార్. ఎవరిదని చెప్పాలి?"

గదిలో ఆయన, నేను, అక్క, ఆమె ఉన్నాం. మాస్టరు నా వైపు చూడలేదు.

"నాదే" అన్నారు.

అక్క గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వైరు చుట్టి సంచీలో పెట్టుకున్నాను. గడప దాటుతుంటే వెనక నుంచి, "లెక్కలోడా, చాయ తాగి పో" అన్నారు. తాగలేదు.

తర్వాత ఏడాదిన్నర వెళ్ళలేదు. ఈ ఎండాకాలం ఆయనకు ఆయాసం ఎక్కువై, దవాఖానా నుంచి ఇంటికి తెచ్చారని విని వెళ్ళాను. మంచం పక్కన స్టూల్ మీద డబ్బా ఉంది. నన్ను చూడగానే ఆన్ చేయమని వేలితో చూపించారు. చేశాను. నిలబడదామని మంచం పట్టీ పట్టుకున్నారు, లేవలేకపోయారు. మొదటిసారి ఆయన కూర్చుని విన్నారు.

"తక్కువైతాందిరా" అన్నారు.

"ఏం లేదు సారూ."

"నువ్వు రాయనిది ఏదో ఉన్నది."

నేను లైటు వైపు చూస్తున్నాను.

"నీ పుస్తకంల ఉన్నదా గది?"

"లేదు సారూ" అన్నాను. అది నిజమే. పుస్తకంలో లేదు.

ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి పోయింది. "లెక్కలోడు అబద్ధమాడడులే" అన్నారు. డబ్బా ఆపేసి వచ్చేశాను. నా చేయి ఆ మంచం పట్టీ మీద ఒక్కసారి జారితే చాలు. ఆయన వినేవారు. ఇంకేమీ అక్కర్లేదు, వినేవారు. పదకొండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది.

పెద్దకర్మకు హైదరాబాద్ ఆమె వచ్చింది. భోజనాలయ్యాక అక్క తనే డబ్బా తెచ్చి టెంటు కింద బల్ల మీద పెట్టించింది. "ఒక్కసారి పెట్టమ్మా. ఆయన తాళం అందరు వింటరు" అంది. ఆమె స్పీకరుకు కలిపి ఆన్ చేసింది. ఆకులు తీసేవాళ్ళు ఆగారు. నేను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఎర్ర లైటు పరిగెత్తుతోంది. ఒకటి, రెండు, మూడు. నేనేమీ అనుకోలేదు. ఏడు దాటింది. నా ఎడమచేయి కుర్చీ చేతి మీద పడి, మడమతో నొక్కి, జారింది.

మళ్ళీ లైటు వచ్చింది. మళ్ళీ పడింది. ముప్పై ఏళ్లకు ఆ తాళం నిండుగా మోగింది, సగం జపాన్ డబ్బా, సగం ప్లాస్టిక్ కుర్చీ. హైదరాబాద్ ఆమె తల తిప్పి, చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికింది. అక్క వెతకలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది. నా చేతిని చూసింది.

"ఇన్నేండ్లు నీకాడనే పెట్టుకున్నవా దీన్ని?" అంది.

చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"పోయేదాక అడిగిండు తమ్మీ" అంది. "నాదే అని ఆయనన్నడు, ఏం లేదని నువ్వన్నవ్. మంచిగ దొరికిన్రు ఒకలకొకలు."

అక్క వెళ్ళి ఖాళీ గ్లాసులు ఏరుకోసాగింది. ఎవరూ డబ్బా ఆపలేదు. లైటు ఏడో గడి మీద వెలిగి, ఎనిమిదో గడి మీద వెలిగి, మధ్యలో ఏమీ లేకుండా అట్లాగే తిరుగుతూ ఉంది.